ఒక నోటికి ఒకే పేరు

అమ్మకు నీ బిడ్డ రేణుక దండం పెట్టి రాస్తున్నది. అవ్వ కాళ్లకు కూడా నా దండం చెప్పు. చెవి దగ్గర నోరు పెట్టి గట్టిగా చెప్పు, లేకపోతే తలూపి ఊరుకుంటుంది.

నేను ఇక్కడ మంచిగానే ఉన్నాను. జ్వరం లేదు, జలుబు తగ్గింది, పూట తప్పకుండా తింటున్నాను. నీ మోకాలు ఎట్లుంది? తూంకుంటకు చేపల గంప నెత్తిన పెట్టుకుని నడిచే పోతున్నావా? ఆటోలో పో అమ్మా, నా మాట విను. అవ్వ దగ్గు తగ్గిందా? చిన్నాయిన, చిన్నమ్మ, శేఖరన్న అందరూ బాగున్నారని తలుస్తున్నాను. నేను మళ్లీ చెప్తున్నాను, మంచిగానే ఉన్నాను, నా గురించి ఫికర్ పెట్టుకోకు.

ఆదివారం ఆదివారం ఫోన్ చేస్తూనే ఉంది కదా, మళ్లీ ఉత్తరమెందుకు అనుకుంటావు. నువ్వు ఫోన్ ఎత్తగానే స్పీకర్ పెడతావు. చుట్టూ చిన్నమ్మ, పక్కింటి వాళ్లు, అందరూ చేరతారు. "తిన్నవా బిడ్డా, ఏం కూర" అంటావు. "తిన్ననే, పప్పు" అంటాను. ఇగ మాట అక్కడే అయిపోతుంది. ఇప్పుడు రాసేది మాత్రం నీ ఒక్కదానికే. ఏడో తరగతి దాకా చదివినావు, కూడబలుక్కునైనా చదువుకో. శేఖరన్నతో చదివించుకోకు. ఇంకో మాట, పెన్ను పట్టుకుంటే నాకు బడిలో రాసిన తెలుగే వస్తున్నది, ఇంట్లో మాట్లాడే మాట రావడం లేదు. "గిదేందే, వార్తలు సదివినట్టు రాసింది" అని నవ్వకు.

నాకు ఈ సీటు ఇప్పించిన మచ్చ బొల్లారం మ్యాడం మన ఇంటికొచ్చి ఈ కాలేజీ గురించి చెప్పినప్పుడు నువ్వు అన్నిటికీ "అట్లనా అమ్మా" అన్నావు. నీకు సగం కూడా అర్థం కాలేదని నాకు తెలుసు. నాకూ అప్పుడు అర్థం కాలేదు. ఇప్పుడు చెప్తాను. ఈ దేశంలో ఒకప్పుడు నల్లజాతి పిల్లలను తెల్లవాళ్ల కాలేజీల గడప తొక్కనిచ్చేవాళ్లు కాదట. అప్పుడు తమ పిల్లల కోసమని వాళ్ల పెద్దలు కష్టపడి నిలబెట్టుకున్న కాలేజీల్లో ఇది ఒకటి. ఇప్పుడు ఎవరైనా చేరవచ్చు. అయినా ఇది వాళ్ల ఇల్లు, నేను చుట్టాన్ని. ఆనర్స్ ప్రోగ్రాం అంటే, కొత్తగా చేరిన వాళ్లలో కొందరిని ఏరి తీస్తారు. వాళ్లకు వేరే క్లాసు, వేరే హాస్టలు, ఎక్కువ పుస్తకాలు, ఎక్కువ చాకిరీ. ఫీజు ఉండదు. మార్కులు తగ్గితే సీటు పోతుంది. మొదటి ఆరు నెలలు చూసి, నిలబడ్డ వాళ్లనే పేరు పెట్టి లోపలికి తీసుకుంటారు. మా బ్యాచిలో పద్దెనిమిది మందిమి. మన దేశం దాన్ని నేనొక్కదాన్నే.

వీళ్లు మంచివాళ్లమ్మా. దారిలో ఎదురైతే తెలియని వాళ్లు కూడా "ఎట్లున్నవ్ సిస్టర్" అని పలకరిస్తారు. కానీ పలకరించి పోతారు. వాళ్ల అక్కలు, మేనత్తలు ఇక్కడ చదివారు, తాతలు చదివారు. పండగలకు బస్సుల్లో వస్తారు, బ్యాండు వాయిస్తారు, ఒకరినొకరు కావలించుకుని ఏడుస్తారు. నేను గోడ పక్కన నిలబడి చూస్తాను. నా గదిలో ఉండే టియానా వాళ్ల ఊరు ఇక్కడికి దగ్గరే. శుక్రవారం సాయంత్రం సంచి సర్దుకుని ఇంటికి పోతుంది, ఆదివారం వస్తుంది. ఈ మధ్యలో నేను ఎవరితోనూ మాట్లాడని రోజులు ఉన్నాయి. ఒక శనివారం పొద్దున్నుంచి సాయంత్రం దాకా నా గొంతు నేనే వినలేదు. గొంతు పోయిందేమోనని అద్దం ముందు నిలబడి నా పేరు నేనే పిలుచుకున్నాను. పిచ్చిదాన్ని అనుకుంటావు, అనుకో.

చలి సంగతి చెప్తే నువ్వు పరేషాన్ అవుతావని ఫోన్లో చెప్పలేదు. చెట్లకు ఒక్క ఆకు లేదు. పొద్దు గూకడం అయిదింటికే. ఇక్కడి గాలికి ఏ వాసనా ఉండదు. మన దగ్గర జవహర్‌నగర్ దిక్కు నుంచి గాలి తిరిగితే ముక్కు మూసుకుని చెత్త డంపును తిట్టుకునేవాళ్లం కదా, నమ్మవు గాని ఒకరోజు ఆ కంపు కూడా గుర్తొచ్చి ఏడుపొచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం హాస్టల్లో ఆడపిల్లలు ఒకరి మోకాళ్ల మధ్య ఒకరు కూర్చుని జడలు వేసుకుంటారు. సన్న సన్న జడలు, గంటలు గంటలు పడుతుంది. నవ్వులు, పాటలు, "తల కదిలించకే" అని నెత్తిన మొట్టికాయలు. అవ్వ నాకు నూనె పెట్టి చిక్కులు తీసేటప్పుడు ఎట్లుండేదో అట్లనే. నేను నీళ్లు తాగడానికన్నట్టు అక్కడి నుంచి నాలుగుసార్లు పోతాను, నాలుగుసార్లు వస్తాను. ఎవరూ రమ్మనలేదు. నేనూ అడగలేదు. అడిగితే వేసేవాళ్లేనేమో.

తిండికి లోటు లేదు. శుక్రవారం శుక్రవారం చేప వేయిస్తారు. మొదటి శుక్రవారం ఆ వాసన వస్తే నేను పరుగెత్తాను. చూస్తే తల లేదు, తోక లేదు, ముల్లు లేదు, పిండిలో ముంచిన తెల్ల ముక్క. ఇది ఏ చేప అని వడ్డించే ఆమెను అడిగాను. "చేపనే బిడ్డా" అన్నది. తల ఏదని అడిగాను. ఆమె గరిటె కింద పెట్టి మరీ నవ్వింది. తిన్నాను, బాగానే ఉంది. కానీ చేప కూర వండిన రోజు తల ముక్క కోసం నేను, నాయిన కొట్లాడేది గుర్తొచ్చింది.

క్లాసు సంగతి ఒకటి నీ దగ్గర దాచాను. ఆనర్స్ క్లాసులో అందరూ బల్ల చుట్టూ కూర్చుంటారు. చదివిన దాని మీద మాట్లాడాలి. మాట్లాడితేనే మార్కులు. వీళ్లు గలగల మాట్లాడతారు, వాదిస్తారు, బల్ల గుద్దుతారు. నాకు లోపల మాటలన్నీ ఉంటాయి, నోటిదాకా వచ్చి ఆగిపోతాయి. మా ప్రొఫెసర్ ఒకరోజు నన్ను ఆపి, "నీ రాత బాగుంది, నీ గొంతు మాత్రం నేను ఇంతవరకు వినలేదు" అన్నాడు. చెరువు గట్టు మీద నా గొంతు వింటే ఏమనేవాడో అనుకున్నాను.

ఇగ అసలు విషయానికి వస్తాను. నీ గుండె దడదడమంటుందని తెలుసు. కూర్చుని చదువు.

నన్ను విమానం ఎక్కించడానికి వచ్చిన రోజు చిన్నాయిన నా సూట్‌కేసు పై జేబులో ఒక కవరు పెట్టాడు. "ఇప్పుడు సూడకు బిడ్డా. గాడికి పోయినంక నిదానంగ సదివి సంతకం పెట్టి పంపు" అన్నాడు. ఇక్కడికొచ్చి మూడో రోజు విప్పాను. మత్స్యకారుల సంఘంలో నాయిన మల్లేశు పేరు మీదున్న సభ్యత్వాన్ని తమ్ముడి కొడుకు శేఖర్ పేరు మీదికి మార్చడానికి భార్యకు, బిడ్డకు అభ్యంతరం లేదని ఉంది. కింద నీ సంతకం ఉంది. 'యాదమ్మ' అని వంకర వంకరగా. పక్కన నా సంతకానికి చోటు వదిలారు.

అమ్మా, నాకు కోపమొచ్చింది. చిన్నాయిన మీద కాదు, నీ మీద. నాకు ఒక్క మాట చెప్పకుండా ఎప్పుడు పెట్టావు ఆ సంతకం? నేను బట్టలు సర్దుకుంటుంటే నువ్వు వంటింట్లో కూర్చుని పెట్టావా? అందుకేనా ఆ రోజు నా ముఖం చూడకుండా తిరిగావు?

చిన్నాయిన చెడ్డవాడు కాదు. నాకు ఈత నేర్పింది ఆయనే. నాయిన పోయినంక మన ఇంటి రేకులు మార్పించింది ఆయనే. దసరాకు ఫోన్లో నాతో ఆయన అన్న మాటలో అబద్ధం కూడా లేదు. "బిడ్డా, నువ్వు గాడ ఉంటివి. వదినె చెరువు కట్ట ఎక్కదు. వల దినం మూడుసార్లు పిలిస్తె పలికెటోళ్లు లేకుంటే అన్న పేరు కొట్టేస్తరు. ఊకె పోగొట్టుకునుడు ఎందుకు? మా శేఖర్ పేరు మీదుంటే ఇంట్లనె ఉంటది గద." తర్వాత మాట్లాడతానని ఫోన్ పెట్టేశాను. అప్పటి నుంచి ఆ కాగితం నా బల్ల మీదే ఉంది. రోజూ పెన్ను తీస్తాను, పెడతాను.

నీకు గుర్తుందో లేదో, నాయిన పోయిన ఏడాది నాకు పన్నెండేళ్లు. శివరాత్రి దాటినంక సంఘం మొదటి వల. చేపలను తూము పక్కన కుప్పలు పోశారు. సంఘం పెద్ద నర్సింలు తాత ఎప్పటిలాగే కాగితం లేకుండా పేర్లు పిలుస్తున్నాడు. పేరు పిలవగానే ఆ ఇంటి వాళ్లు 'ఉన్న' అని గట్టిగా పలికి కుప్ప తీసుకోవాలి. మూడుసార్లు పిలిచినా పలకకపోతే ఆ ఇంటి పేరు సంఘంలో ఉండదు. చిన్నాయిన అన్న పేరుకు తనే పలుకుతానన్నాడు. తాత ఒప్పుకోలేదు. "ఒక నోటికి ఒకే పేరు. నీ పేరుకు నువ్వు పలికినవ్, అయిపాయె" అన్నాడు.

నువ్వు ఇంట్లో తలుపేసుకుని కూర్చున్నావు. మొదటి వల దినం బొట్టు లేని ఆడది కట్ట మీదికి రావద్దని నీకు ఎవరూ చెప్పనక్కర లేకపోయింది. అవ్వ నా రెక్క పట్టుకుని కట్ట ఎక్కించింది. అవ్వ నొసట కూడా బొట్టు లేదు కదా, ఆడవాళ్లు గుసగుసలాడారు. ఒకామె అననే అన్నది, "ముసల్దానా, నువ్వెందుకొచ్చినవే మొదటి వలకు" అని. అవ్వ ఏమన్నదో నీకు తెలుసా? నీకు ఎవరూ చెప్పి ఉండరు. "నీళ్లల్ల ఉన్న చేపకు నా నొసలు కనవడ్తదానే?" అన్నది. అందరూ నవ్వారు. తాత పిలిచాడు, "మల్లేశు, రాజయ్య కొడుకు!" నాకు గొంతు పెగల్లేదు. రెండోసారి పిలిచాడు. అవ్వ నా వీపు మీద చరిచింది. మూడోసారి పిలిచినప్పుడు 'ఉన్న' అని అరిచాను. ఆడపిల్ల పలికితే చెల్లదని ఎవరో అన్నారు. తాత, "గొంతుంటె సాలు, ఇంకేం గావాలె" అని కుప్ప నా దిక్కు తోశాడు. ఆ ఏడాది వల నిండుగా వచ్చింది కూడా.

అప్పటి నుంచి పోయిన ఏడాది దాకా ప్రతిసారీ నేనే పలికాను. చేపల కోసమే కాదమ్మా. నాయిన పేరును నలుగురిలో గట్టిగా పిలిచేది ఏడాదికి ఆ ఒక్క పొద్దే. ఇంట్లో నువ్వు ఆయన పేరు పలకవు. నేను నాయిన అంటాను. అవ్వ తన కొడుకును మావోడు అంటుంది. శేఖరన్న పేరు మీదికి మారితే అక్కడ శేఖర్ అని పిలుస్తారు. ఇంట్లోనే ఉంటుంది, నిజమే. నాయిన పేరు మాత్రం ఉండదు.

ఇప్పుడు ఇక్కడ ఏం జరిగిందో విను. నవ్వొస్తే నవ్వు.

ఆరు నెలలు అయ్యాయి, పద్దెనిమిది మందిమీ నిలబడ్డాం. రెండు వారాల కింద మమ్మల్ని పేరు పెట్టి తీసుకునే సభ జరిగింది. కాలేజీలో పాత ప్రార్థన మందిరం ఉంది. సాయంత్రం అందరం తెల్ల బట్టలు వేసుకుని, చేతిలో తలా ఒక కొవ్వొత్తి పట్టుకుని కూర్చున్నాం. వాళ్ల వాళ్ల అమ్మానాయినలు వచ్చారు, అమ్మమ్మలు పెద్ద పెద్ద టోపీలు పెట్టుకుని వచ్చారు. నా పక్కన కుర్చీ ఖాళీగా ఉంది. నా బ్యాగు దాని మీద పెట్టాను, ఖాళీగా కనిపించకుండా.

మమ్మల్ని పిలవడానికి ముందు, ఈ ప్రోగ్రాం మొదలైనప్పుడు చదివి, ఇప్పుడు బతికిలేని వాళ్ల పేర్లు చదువుతారు. చదివేది మిస్ లొరేన్ అని, ఆనర్స్ ఆఫీసులో ఏండ్ల తరబడి పని చేస్తున్న పెద్దామె. తెల్ల జుట్టు, సన్న జడలు, కళ్లద్దాలకు గొలుసు. ఆమె కూడా ఆ మొదటి బ్యాచిలో చదివినదేనట. మా ఎవరి పేరూ ఆమె ఒక్కసారి వింటే మర్చిపోదు. ఆమె పేరు పిలవాలి, అందరూ మౌనంగా ఉండాలి, పైన గంట ఒక్కసారి కొట్టాలి. అదీ ఆచారం. నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పే ఉంటారు, నేనే వినలేదేమో.

మొదటి పేరు పిలిచింది. ఎవరూ పలకలేదు. గంట మోగింది.  రెండో పేరు. ఎవరూ పలకలేదు. గంట. నాకు కూర్చోబుద్ధి కాలేదు. ఇంతమంది ఉండి పలకరేమిటి అనుకున్నాను. మూడో పేరు డెలోరిస్. పైన తాడు చిక్కుకుందట, గంట మోగలేదు. మిస్ లొరేన్ తల పైకెత్తి చూసి, మళ్లీ "డెలోరిస్" అన్నది. గంట లేదు.  ఆమె ఇంకోసారి చూసి, మూడోసారి పిలిచింది.

అమ్మా, నేను లేచి నిలబడి "ఉన్న!" అని అరిచాను.

నా గొంతు నీకు తెలుసు కదా. తూము దగ్గర పలికితే అవతలి గట్టు మీద కొంగలు లేచేవి. ఆ మందిరం మొత్తం మారుమోగింది. టోపీలన్నీ నా దిక్కు తిరిగాయి. వెనుక ఎవరో ఫక్కున నవ్వారు. రెండో పక్కనున్న టియానా నా చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. అప్పుడు మోగింది ఆ దిక్కుమాలిన గంట. సిగ్గుతో చచ్చినంత పనైంది. తర్వాత నా పేరు పిలిచారు, నేను పోయి పుస్తకంలో సంతకం పెట్టాను, అందరూ చప్పట్లు కొట్టారు. నాకు ఏదీ సరిగా గుర్తు లేదు.

తెల్లారి మిస్ లొరేన్ ఆఫీసుకు రమ్మన్నది. సీటు పోయిందనే అనుకున్నాను. మ్యాడంకు ఏం చెప్పాలి, నీకు ఏం చెప్పాలి అనుకుంటూ మెట్లు ఎక్కాను. ఆమె ఇంగ్లీషు నా చెవికి అవ్వ మాట్లాడినట్టే ఉంటుంది, అందుకని అట్లనే రాస్తున్నాను.

"నిన్న ఏమన్నవ్ బిడ్డా?" అని అడిగింది.

"ఉన్న అన్నాను. అంటే ఇక్కడే ఉన్నాను అని."

"నువ్వు డెలోరిస్‌వు కావు గద."

అప్పుడు మొత్తం చెప్పాను. చెరువు, తూము, నర్సింలు తాత, మూడు పిలుపులు, ఒక నోటికి ఒకే పేరు, అన్నీ. ఇన్ని నెలల్లో ఇక్కడ నేను ఒక మనిషితో అంతసేపు మాట్లాడింది అదే. ఆమె మొత్తం విని కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

"డెలోరిస్ నా గదిల ఉండె" అన్నది. "ఒక్క ఏడాదే సదివింది. పాణం బాగలేక ఇంటికి పోయింది, మల్ల రాలె. పెండ్లి లేదు, పిల్లలు లేరు. ఏడాదికొకసారి పేరు పిలుస్తున్న, గంట ఇంటున్న. పలికింది మాత్రం నిన్ననే." కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుంది. "నువ్వు పలికినవ్ గదా, ఇగ డెలోరిస్‌కు నువ్వే. ఈడ సదివినన్ని ఏండ్లు పలకాలె. పలుకుతవా?"

పలుకుతానన్నాను. ఇంకేమంటాను?

తర్వాత ఆమె అడిగింది. "మరి మీ నాయినకు ఎవలు పలుకుతున్నరు?"

ఎవరూ లేరన్నాను. కాగితం సంగతి చెప్పాను. ఆమె "అయ్యో" అనలేదు, సంతకం పెట్టమనలేదు, వద్దనలేదు. "మీ అమ్మకు గొంతు లేదా?" అన్నది.

నాకు ఒళ్లు మండింది. మీకు మా పద్ధతులు తెలియవు, మొగుడు పోయిన ఆడది మొదటి వలకు కట్ట ఎక్కకూడదు, మా అమ్మను లోకం బతకనియ్యదు అని గట్టిగానే చెప్పి వచ్చేశాను. రెండు రోజులు ఆమె ఎదురైతే తల దించుకుని పోయాను.

మూడో రోజు బట్టలు ఉతికే గదిలో మిషన్ తిరుగుతుంటే ఊరికే కూర్చున్నాను. ఎందుకో నీ కేక గుర్తొచ్చింది. తూంకుంట కొత్త ఇండ్ల మధ్య చేపల గంప దించి నువ్వు వేసే కేక. "రవులు, బొచ్చెలు! పొద్దుగాల పట్టినయ్! జల్దీ రాండ్రమ్మా!" మూడో అంతస్తు వాళ్లు కూడా కిటికీ తెరిచి చూస్తారు. సెలవుల్లో నీతో వచ్చినప్పుడు నేను సిగ్గుపడి నాలుగు అడుగులు వెనుక నడిచేదాన్ని. ఆ గొంతు ఉన్న మనిషికి గొంతు లేదా అని ఒకరు అడిగితే, నేను లేదన్నట్టే చెప్పి వచ్చాను కదా అనిపించింది. నాకు నా మీదే కోపమొచ్చింది. అక్కడే కూర్చుని ఏడ్చాను. పోయి మిస్ లొరేన్‌కు సారీ చెప్పాను. ఆమె డ్రాయర్ తీసి ఒక పిప్పరమెంటు ఇచ్చి, క్లాసుకు ఆలస్యమవుతుంది పొమ్మన్నది.

అందుకని అమ్మా, ఆ కాగితం ఇదే కవర్లో తిప్పి పంపుతున్నాను. చింపలేదు. చిన్నాయిన చేతికి మర్యాదగా ఇవ్వు. నా చోటు ఖాళీగానే ఉంది, అట్లనే ఉంటుంది. చిన్నాయినకు కోపమొస్తుంది. ఒకే వాకిలి, రోజూ ముఖాలు చూసుకోవాలి, నీకెంత కష్టమో నాకు తెలుసు. నేను దూరాన కూర్చుని చెప్పడం సులువే. ఆయనకు ఫోన్ చేసి నేనే మాట్లాడతాను, నువ్వు ఏమీ చెప్పకు. శేఖరన్న మేడ్చల్ కంపెనీలో షిఫ్టులు వదిలి చెరువుకు వస్తానంటే, తన పేరుతోనే సభ్యత్వం అడగమని చెప్తాను. తన నోటికి తన పేరు. నాయిన పేరు తీసి కాదు.

శివరాత్రి అయినంక పదిహేను దినాలకు కదా వల. ఉత్తరం మూడు వారాల్లో చేరుతుందన్నారు, అంతలో అందుతుంది. ఆ పొద్దు అవ్వను ఆటోలో కూర్చోబెట్టుకుని కట్ట దగ్గరికి పో. నీ నీలం చీర కట్టుకో. ఎవరైనా ఏమన్నా అంటే నువ్వు జవాబు చెప్పకు, అవ్వ చెప్తుంది. అవ్వకు పిలుపు వినపడదు గాని, జవాబు చెప్పడం ఇంకా మర్చిపోలేదు.

మిగతా సంగతులు. ఆ సభ అయినప్పటి నుంచి మా బ్యాచి వాళ్లు క్లాసులో హాజరు పిలిస్తే నన్ను ఆటపట్టించడానికి 'ఉన్న' అంటున్నారు. పదిహేడు మందీ అంటున్నారు. ప్రొఫెసర్ ఏమిటిదని అడిగితే చెరువు సంగతి బల్ల ముందు చెప్పాల్సి వచ్చింది. చెప్పాను. మార్కులు కొద్దిగా పెరిగాయి. అయినా శనివారాలు అట్లనే ఉన్నాయి, అబద్ధం చెప్పను. టియానా పోయినంక గదిలో గడియారం చప్పుడు వినిపిస్తుంది. నిన్న ఆదివారం జడల దగ్గర ఒక పిల్ల కొంచెం జరిగి నాకు చోటిచ్చింది. కూర్చున్నాను. జడ వేయించుకోలేదు, కూర్చున్నాను అంతే.

అవ్వ పాత చెక్క దువ్వెన ఉంటే పోస్టులో పంపు. చేపల పొడి పంపకు, తీసేస్తారు. నా స్వెట్టర్ నువ్వే వేసుకో, పెట్టెలో పెట్టకు. మచ్చ బొల్లారం మ్యాడంకు నా నమస్కారాలు చెప్పు, నేను నిలబడ్డానని చెప్పు. నర్సింలు తాతకు దండాలు. చిన్నాయిన, చిన్నమ్మల కాళ్లకు మొక్కుతున్నానని చెప్పు, ఇది పైపైన రాయడం లేదు. నీ దీవెన, అవ్వ దీవెన ఉంటే నాకు ఈ చలి ఒక లెక్క కాదు.

అక్కడ మీకు తెల్లారేటప్పుడు ఇక్కడ ముందటి రోజు సాయంత్రం. ఆ టైముకు నేను మందిరం మెట్ల మీద కూర్చుంటాను. ఇక్కడి నుంచే నాయిన పేరుకు పలుకుదామని ముందు అనుకున్నాను. పలకలేనమ్మా. నా నోటికి డెలోరిస్ పేరు వచ్చేసింది, ఒక నోటికి ఒకే పేరు. ఇగ నాయినకు నువ్వే ఉన్నావు.

తాత మూడుసార్లు పిలుస్తాడు. మొదటిసారి గొంతు రాకపోతే భయపడకు. రెండోసారి రాకపోయినా ఏం కాదు. నాకు కూడా మూడోసారికే వచ్చింది.

ఇట్లు,
మల్లేశు, యాదమ్మల బిడ్డ
రేణుక